ఇంటింటికి ఒక వాక్యము

ప్రాతఃకాలమున రేడియో మీట త్రిప్పినతోడనే ఒకే పాట, ఒకే మాట వేలకొలది గృహములలో ఒక్కసారిగా వినబడుట నేడు మనకెవ్వరికిని వింత కాదు. వంటయింట పొయ్యి రాజేయుచున్న ఇల్లాలును, పొలమునకు బయలుదేరుచున్న రైతును, బడిపుస్తకములు సర్దుకొనుచున్న బాలుడును ఒకరినొకరు ఎరుగకయే ఆ క్షణమున ఒకే సభలోనివారగుదురు. రేడియో పుట్టుటకు సుమారు రెండువందల యేండ్లకు పూర్వము, తీగలును యంత్రములును లేని కాలమున, ఒక చిన్న గ్రామమువారు ఇట్టి యేర్పాటునే కాలినడకతో సాధించిరి. దినమునకొక బైబిలు వాక్యము. దానిని ఇంటింటికి కొనిపోవు ఒక మనుష్యుడు. ఇంతియే వారి సాధనసామగ్రి. ఆ గ్రామము పేరు హెర్న్‌హూట్. జర్మనీలో సాక్సనీ రాష్ట్రపు తూర్పు కొనను, చెకు, పోలండు దేశముల సరిహద్దులకు సమీపమున అది యున్నది. 1728లో అక్కడ ఆరంభమైన ఆ యలవాటు నేటికిని తెగలేదు. దాని చరిత్రను, అందలి వెలుగును, నీడను గూర్చి కొంత ముచ్చటింప దలచితిమి.

ఆ గ్రామమును నిర్మించినవారు స్వదేశమున నిలువ నీడ లేక వచ్చిన కాందిశీకులు. వారి కథ మూడు శతాబ్దులకు పూర్వమే ఆరంభమైనది. బొహీమియా దేశమున యాన్ హుస్ అను ఆచార్యుడు ప్రజల భాషయగు చెకు భాషలో ప్రజలకు వేదవాక్యమును బోధించెను. మతాధికారుల దోషములను నిర్భయముగా ఖండించెను. దానికి ఫలముగా 1415 జూలై 6వ తేదీన కాన్‌స్టాన్స్ నగరమున ఆయనను సజీవముగా దహించిరి. ఆయన అడుగుజాడల నడచినవారిలో కొందరు 1457లో కున్‌వాల్డ్ అను పల్లెయందు సహోదర సమాజముగా ఏర్పడిరి. వారి పండితులు బైబిలును చెకు భాషలోనికి అనువదించి, 1579 మొదలు 1593 వరకు ఆరు సంపుటములుగా ముద్రించిరి. క్రాలిత్సె బైబిలని పేరొందిన ఆ గ్రంథము చెకు గద్యమునకు ఒరవడి యైనది. అయినను 1620లో శ్వేతగిరి యుద్ధమున వారి పక్షము ఓడిపోయెను. రాజమతమును అంగీకరింపనివారు దేశము విడువవలసి వచ్చెను. విద్యావేత్తగా లోకప్రసిద్ధుడైన కొమేనియస్ ఆ సమాజపు బిషప్పే. ఆయనయు పరదేశమున తిరిగి తిరిగి, 1670లో తనువు చాలించెను. దేశమున మిగిలినవారు పైకి రాజమతమును పాటించుచు, లోలోపల తమ పుస్తకములను దాచియుంచి రహస్యముగా చదువుకొనుచుండిరి.

ఆ విధముగా నూరేండ్లు గడచినవి. 1722లో మొరేవియా ప్రాంతమునుండి కొన్ని కుటుంబములు ఇల్లు వాకిళ్లు విడిచి, సరిహద్దు దాటి సాక్సనీ చేరినవి. వారికి దారి చూపినవాడు క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి. వారికి తన జమీనులో చోటిచ్చినవాడు నికోలస్ లూడ్విగ్ ఫాన్ జింజెండార్ఫ్ అను ప్రభువు; అప్పటికి ఆయనకు 22 యేండ్లు. జూన్ 17వ తేదీన ఆ వడ్రంగి మొదటి చెట్టు నరికి ఇంటికి పని ప్రారంభించెను. దాపున నున్న కొండకు కావలికొండ యని పేరు. దానిని బట్టియే ఊరికి హెర్న్‌హూట్, అనగా ‘ప్రభువు కాపు’ అని పేరిడిరి. ప్రభువు మనకు కాపున్నాడనియు, మనము ప్రభువు కొరకు కాపుండవలెననియు ఆ పేరునకు రెండు విధములుగా అర్థము చెప్పుకొనిరి.

కష్టములు పడి వచ్చినవారు గనుక వారందరు కలసిమెలసి యుండిరని మనము తలచుట సహజము. చరిత్ర అట్లు చెప్పుట లేదు. ఐదేండ్లలో అక్కడ సుమారు 300 మంది చేరిరి. ఒకరిది సహోదర సమాజపు సంప్రదాయము, మరియొకరిది లూథరు సంప్రదాయము. ఇంకను వేరు వేరు మార్గములవారు పెక్కుమంది. ఎవరి పట్టుదల వారిది. ఒక బోధకుడు తమకు అన్నము పెట్టిన జింజెండార్ఫునే ప్రకటన గ్రంథమందలి క్రూరమృగమని ప్రచారము చేయగా, నమ్మినవారును కొందరుండిరి. ఒకే గ్రంథము కొరకు దేశము విడిచినవారు ఆ గ్రంథమునుండియే వాక్యములు తీసి ఒకరిపై నొకరు విసరుకొనిరి. వేదపఠనము మనుష్యులను కలుపుననుట యెంత సత్యమో, విడదీయుననుటయు అంత సత్యము.

జింజెండార్ఫ్ డ్రెస్డెన్ నగరమున తన రాజోద్యోగమును విడిచి వచ్చి ఆ గ్రామముననే నివసించెను. ఇంటింటికి పోయి ఒక్కొక్కరితో కూర్చుండి మాటలాడెను. 1727 మే 12వ తేదీన అందరు కలసి ఒక కట్టుబాటునకు లోబడిరి. ఆగస్టు 13వ తేదీన పొరుగూరి దేవాలయమున ప్రభు సంస్కారమును పుచ్చుకొనుచు, నిన్నటి శత్రువులు ఒకరినొకరు క్షమించుకొనిరి. ఆ నెలాఖరున, రేయింబవళ్లు గంటకొకరు చొప్పున వంతులు వేసికొని ప్రార్థించు నియమమును స్వీకరించిరి. అది నూరేండ్లకు పైగా సాగినది.

కలహము చల్లారుట ఒక యెత్తు. చల్లారినదానిని దినదినము కాపాడుకొనుట మరియొక యెత్తు. 1728 మే 3వ తేదీ సాయంకాలము, కీర్తనలు పాడు కూటమిలో, మరునాటికి అందరు మనస్సున నిలుపుకొనవలసిన ఒక చిన్న వాక్యమును జింజెండార్ఫ్ ఇచ్చెను. రాత్రివేళ దండులో కావలివారు స్వజనమును గుర్తుపట్టుటకు ఒక సంకేతపదమును చెప్పుకొందురు గదా! జర్మను భాషలో దానికి లోజుంగ్ అని పేరు. ఈ వాక్యమునకును ఆ పేరే స్థిరపడెను. అటుపిమ్మట ప్రతి ఉదయమున సమాజమువారిలో ఒకరు ఆ దినపు వాక్యమును గ్రామమందలి 32 ఇండ్లకును కొనిపోవుచుండిరి. గడపలో నిలిచి వాక్యమును చెప్పుట, ఇంటివారి క్షేమమును విచారించుట, రోగులెవరైన ఉన్నారా, మనస్సు క్రుంగినవారున్నారా యని తెలిసికొని పెద్దలకు చెప్పుట ఆ దూత పని. మా దృష్టిలో ఈ యేర్పాటునందలి సారమంతయు ఇక్కడనే యున్నది. మాట ఇంటిలోనికి పోవును. ఇంటి సంగతి వెలుపలికి వచ్చును. పొరుగువానితో మాటలాడక ముఖము త్రిప్పుకొన్నవాడును ఉదయమున పొరుగువాడు విన్న వాక్యమునే విన్నాడు. ఆ దూతయే పొరుగింటి గడపను దాటి తన గడపకు వచ్చినాడు.

మూడేండ్లు తిరుగకమునుపే ఆ యేర్పాటు పుస్తకరూపము దాల్చెను. సంవత్సరము పొడవునకును సరిపోవు వాక్యములతో 1731 సంవత్సరపు పుస్తకము ముద్రింపబడెను. నాటినుండి నేటివరకు ఏ యొక్క సంవత్సరమును అది వెలువడకుండ లేదు. నేడు 50కి పైగా భాషలలో దానిని చదువుచున్నారు. వాక్యములను నిర్ణయించు పద్ధతియు విచిత్రమే. పాత నిబంధననుండి ఎన్నుకొన్న సుమారు 1,800 వాక్యములకు సంఖ్యలు గల చీట్లుండును. హెర్న్‌హూటు గ్రామమున, మూడేండ్లు ముందుగా, ఒక వెండి పాత్రనుండి దినమునకొకటి చొప్పున చీట్లు తీయుదురు. ఆ వాక్యమునకు తగినట్లు క్రొత్త నిబంధననుండి మరియొక వాక్యమును ఆలోచించి యేర్చి, దానికి ఒక ప్రార్థననో, కీర్తన చరణమునో చేర్చుదురు. మొదటిది చీటి వలన వచ్చినది, రెండవది విచారణ వలన వచ్చినది. మానవుని ఇష్టమునకు లోబడని మాట యొకటి, మానవుడు బాధ్యత వహించి యెన్నుకొన్న మాట యొకటి. రెండును ఒకే పుటలో ప్రక్కప్రక్కన నిలుచును.

ఈ చీట్ల సంగతి వినినప్పుడు మన శ్రోతలకు ఒక సందేహము కలుగక మానదు. ఇది చిలుకజోస్యము వంటిది కాదా? సందేహము న్యాయమైనదే. ఆ సమాజమువారు ఒకప్పుడు వివాహసంబంధములను సైతము చీట్లు వేసి నిర్ణయించుచుండిరి. 1818 నాటి మహాసభలో ఆ నిర్బంధమును చాలవరకు సడలించిరి. నేటి వాక్యము నా కొరకే వచ్చినదని, నా వ్యాజ్యము గెలుచునని, నా ప్రయాణము ఫలించునని అర్థము చెప్పుకొనువాడు దానిని జోస్యముగనే వాడుకొనుచున్నాడు. మన తెలుగునాట చాల సంఘములలో నూతన సంవత్సరపు రాత్రి ఆరాధన తరువాత ఒక్కొక్కరికి ఒక్కొక్క వాగ్దాన వాక్యమును చీటీగా ఇచ్చు అలవాటు కలదు. ఏ చీటి వచ్చునో యని పిన్నలును పెద్దలును ఆత్రముతో చేయి చాపుట అందరెరిగినదే. కాని హెర్న్‌హూటు వాక్యమునకు ఒక భేదమున్నది. అది ఒక్కనికి వచ్చిన చీటి కాదు, అందరికి వచ్చినది. నాకు ఓదార్పుగా తోచినది నా పొరుగువానికి హెచ్చరికగా తోచవచ్చును. ఇరువురును కూర్చుండి మాటలాడుకొన్నగాని ఆ దినపు పఠనము పూర్తి కాదు.

పుస్తకము అచ్చుపడిన మరుసటి యేడే, 1732 ఆగస్టు 21న, ఆ గ్రామమునుండి లియోన్‌హార్డ్ డోబర్, డేవిడ్ నిచ్‌మన్ అను ఇరువురు సముద్రయానమునకు బయలుదేరిరి. ఒకడు కుమ్మరి, ఒకడు వడ్రంగి. వారు చేరదలచినది కరీబియన్ సముద్రమున డెన్మార్కు పాలనలోనుండిన సెయింట్ థామస్ దీవి. అక్కడ చెరకుతోటలలో ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు పని చేయుచుండిరి. 1733లో మరికొందరు మంచుదేశమగు గ్రీన్‌లాండునకు పోయిరి. స్వగ్రామమునుండి ఉత్తరము రావలెనన్న నెలలు పట్టును. అయినను చేతనున్న చిన్న పుస్తకమును తెరచినచో, ఆ ఉదయమున తమ తల్లియు తోబుట్టువులును చదువు వాక్యమేదో వారికి తెలియును. వారి దినచర్య పుస్తకములలో వాతావరణము, రోగములు, మరణములతోపాటు ఆ దినపు వాక్యమును తరచు వ్రాసియుంచిరి. దూరమును జయించు విద్య రేడియోతోనే పుట్టలేదని వాటిని తలచినప్పుడు మాకు తోచుచుండును.

సెయింట్ థామస్ దీవి కథలో నీడయు కలదు. పగలెల్ల తోటలో చాకిరి చేసి, రాత్రివేళ బానిసలు గుమిగూడి అక్షరములు నేర్చుకొనిరి. రెబెక్కా అను ఒక విముక్త దాసి తోటనుండి తోటకు నడచిపోయి స్త్రీలకు బోధించెను. చదువు నేర్చిన బానిస చేజారునని తోటల యజమానులు భయపడి వారిని కొట్టించిరి, పుస్తకములను కాల్చిరి. 1739లో అక్కడి క్రైస్తవులైన బానిసలు డెన్మార్కు రాజునకును రాణికిని మహజరులు వ్రాసికొనిరి. రాణికి పంపిన విన్నపమును ఒక వృద్ధస్త్రీ తన ఆఫ్రికా మాతృభాషయందే వ్రాయించుట విశేషము. వారు కోరినది స్వేచ్ఛ కూడ కాదు. ప్రభువును గూర్చి నేర్చుకొనుటకు అనుమతి మాత్రమే. ఆ యేడే జింజెండార్ఫ్ స్వయముగా ఆ దీవికి పోయి, చెరలోనున్న తనవారిని విడిపించెను. కాని తిరిగివచ్చుటకు ముందు, దాస్యము దైవనిర్ణయమని, దానికి లోబడియుండవలెనని ఆ బానిసలకు బోధించెను. అంతకుముందే అక్కడి సమాజము ఒక తోటను, దానితోపాటు బానిసలను కొనియుండెను. యజమానియు దాసుడును ఒకే ఉదయమున ఒకే వాక్యమును చదివిరి. కాని చదివిన యజమాని సంకెల విప్పలేదు. ఆ దీవులలో దాస్యము తొలగినది 1848 జూలై 3వ తేదీన మాత్రమే. ఒకే మాట వినినంతమాత్రమున మనుష్యులు సమానులు కారు. హెర్న్‌హూటు దూత గడపలో నిలిచి యోగక్షేమము అడిగినట్లు, ఆ దీవిలో యజమాని దాసుని గుడిసె గడపలో నిలిచి నీకేమి కావలెనని అడిగియుండినచో, చరిత్ర వేరుగ నుండెడిది.

దీనికి ప్రతిగా ఆఫ్రికా దక్షిణ కొననుండి మరియొక కథను చెప్పవలెను. 1737లో జార్జి స్మిట్ అను సహోదరుడు ఒంటరిగా అక్కడికి పోయి, ఒక లోయలో ఖోయ్ జాతివారి మధ్య గుడిసె వేసికొని, వారికి డచ్చి భాషలో చదువు నేర్పెను. కొందరికి బాప్తిస్మ మిచ్చెను. అక్కడి మతాధికారులు దానికి అడ్డుపడగా 1744లో ఆయన తిరిగిపోయెను. మరల ఎవ్వరును రాలేదు. 48 యేండ్లు గడచినవి. 1792లో ముగ్గురు సహోదరులు ఆ లోయకు వచ్చిరి. స్మిట్ ఇల్లు శిథిలమై యుండెను. ఆయన నాటిన బేరిచెట్టు మాత్రము పెరిగి పెద్దదై యుండెను. ఆయనవలన బాప్తిస్మము పొందిన మగ్దలీనా అను స్త్రీ వృద్ధురాలై యింకను బ్రతికియుండెను. చూపు మందగించినది. ఆమె లోపలనుండి గొఱ్ఱెతోలులో చుట్టి దాచిన ఒక గ్రంథమును తెచ్చి చూపెను. అది స్మిట్ తనకిచ్చిన క్రొత్త నిబంధన. తనకు కన్నులు కనబడకపోగా ఒక చిన్నదానిచేత చదివించుకొని వినుచుండెనట. పుస్తకమును పంపినవారు మరచినను, పుచ్చుకొన్నది మరువలేదు. ఆ చోటు తరువాత ‘కృపాలోయ’ యను అర్థముగల గెనాడెండాల్ అను పేర ప్రసిద్ధమైనది.

మన దేశముతోను ఈ కథకు సంబంధము లేకపోలేదు. జింజెండార్ఫ్ బాలుడుగా హాలె నగరమున చదువుకొనుచున్నప్పుడు, తరంగంబాడిలో పని చేసిన జీగెన్‌బాల్గు మొదలగువారిని చూచి, వారి మాటలు వినెను. దూరదేశములపై ఆయన దృష్టి అప్పుడే పడినది. ఆ హాలె నగరమువారు పంపిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి, బైబిలును మన భాషలోనికి అనువదించెను. ఆ యనువాదము అచ్చుకాకయే మిగిలినను, ఆయన తిరిగిపోయిన పిమ్మట 1746, 1747 సంవత్సరములలో హాలెలో కొన్ని చిన్న తెలుగు పుస్తకములను తెలుగు అక్షరములతోనే ముద్రింపించెను. తెలుగులిపి అచ్చు చరిత్రలో అవి ఆద్యములు. హెర్న్‌హూటు సమాజమువారు సైతము 1760లో తరంగంబాడి చేరిరి. అక్కడినుండి నికోబారు దీవులకు పోయి, జ్వరములకు పెక్కుమందిని కోల్పోయి, 1787లో ఆ ప్రయత్నమును విడిచిరి. హిమాలయములలో మాత్రము వారి పని నిలిచినది. 1853లో మంగోలియాకు బయలుదేరిన ఇరువురికి దారి దొరకక, 1856లో లాహౌల్ ప్రాంతపు కేలాంగులో ఇల్లు కట్టుకొనిరి. 1885లో లేహ్ పట్టణమున సంఘము ఏర్పడెను. ఆ ప్రాంతమువాడే యైన యోసెఫ్ గెర్గన్ టిబెటు భాషలో బైబిలు అనువాదమునకు తన జీవితమును ధారపోసి 1946లో కన్నుమూసెను. సంపూర్ణ గ్రంథము అచ్చైనది 1948లో. లడాఖులో ఆ చిన్న సంఘము నేటికిని కలదు.

ఇక మన కాలమునకు దగ్గరగా వత్తము. హిట్లరు జర్మనీలో డీట్రిక్ బోన్‌హోఫర్ అను యువ వేదాంతి 1935లో ఫింకెన్‌వాల్డె అనుచోట ఒక గురుకులమును నడపెను. అక్కడ ప్రతి ఉదయమున విద్యార్థులు అరగంట సేపు మౌనముగా ఒకే వేదభాగమును ధ్యానింపవలెను. వారమంతయు అదే భాగము. మొదట వారు విసుగుకొనిరి. 1937లో రహస్య పోలీసులు గురుకులమును మూసివేసిరి. చెల్లాచెదరైన శిష్యులకు ఆయన ఉత్తరములు వ్రాయుచు, ఏ వారమున ఏ భాగమును ధ్యానింపవలెనో తెలుపుచుండెను. యుద్ధభూమికి పోయినవారికిని ఆ ఉత్తరములు చేరినవి. వాటిలో మరణించినవారి పేర్లును ఉండెడివి. 1939 జూన్ నెలలో మిత్రులు ఆయనను న్యూయార్కునకు పిలిపించిరి. అక్కడ సురక్షితముగా ఉండవచ్చును. ఆ దినములలో ఆయన హెర్న్‌హూటు పుస్తకమును చదువుచు, తన మనస్సంఘర్షణను దినచర్యలో వ్రాసికొనెను. జూలైలో తిరిగి జర్మనీకి పోయెను. ఆ వాక్యములే ఆయనను త్రిప్పి పంపినవనుట సరికాదు; నిర్ణయము ఆయనదే. కాని తన జనము చదువుచున్న వాక్యమును తాను సముద్రమునకు ఆవలి యొడ్డున నిర్భయముగా చదువుట ఆయనకు భారమైయుండునని ఊహింపవచ్చును. 1943లో ఆయన చెరపాలయ్యెను. హిట్లరుపై కుట్ర విఫలమైన మరునాడు, 1944 జూలై 21న, తన యాశ అడుగంటిన ఆ వేళ, ఆ దినపు వాక్యము, ముందునాటి వాక్యము తనకు ఆనందము కలిగించినవని మిత్రునకు వ్రాసెను. 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీసిరి. దినమునకొక వాక్యముతో తృప్తి చెందవలదని, గ్రంథమును సమగ్రముగా చదువవలెనని తన పుస్తకమున హెచ్చరించినవాడును ఈయనయే. ప్రేమించినవాడే హద్దును చెప్పగలడు.

ఆయన మరణించిన మరుసటి నెలలో, యుద్ధము ముగియు దినములలో, హెర్న్‌హూటు గ్రామ మధ్యభాగము అగ్నికి ఆహుతి యయ్యెను. ప్రార్థనామందిరము కాలిపోయి, తరువాత పునర్నిర్మింపబడెను. 1949 మొదలు 1990 వరకు జర్మనీ రెండు రాజ్యములుగ నుండగా, సరిహద్దునకు ఇరుప్రక్కలను ఒకే దినమున ఒకే వాక్యము చదువబడెను. 2024లో ఆ గ్రామమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చిరి. సాదా గోడలు, వరుస ఇండ్లు, నేలపై పరచిన సమాధి రాళ్లు. చూచుటకు అక్కడ ఇంతకన్న గొప్ప వింతలు లేవు.

ఈ చరిత్రను చదివినప్పుడు మా వృత్తిని గూర్చి మాకొక ప్రశ్న కలిగినది. స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు మా మాట లెక్కకు మిక్కిలియగు ఇండ్లకు చేరును. 32 ఇండ్లు తిరుగుటకు ఆ దూతకు పట్టిన కాలములో మా మాట దేశమంతయు చుట్టివచ్చును. కాని ఆయన చేసినదానిలో సగము మాత్రమే మేము చేయగలుగుచున్నాము. మా మాట లోపలికి పోవును. లోపలి సంగతి మాకు తెలియదు. ఎప్పుడో యొక శ్రోత వ్రాసిన కార్డు వచ్చినప్పుడు మాత్రము ఆ రెండవ సగమును కొంత పొందుదుము. తక్కిన సగమును నెరవేర్చవలసినవారు వినినవారే. రేపటి ఉదయమున భక్తిగీతము ముగిసిన పిమ్మట, మీరు నమ్మునది ఏ గ్రంథమైనను, ఏ కీర్తన యైనను, ఆ మాటను చేతబట్టుకొని ఒక్క పొరుగింటి గడపవరకు పోయి, లోపల ఎవరికైన ఒంట బాగులేదా యని అడిగినచో, హెర్న్‌హూటు దూత పని మన వీథిలోను జరిగినట్లే యగును.